మూడు నెలలైనా తేరుకోని ప్లమ్ మీడ్

ప్రశ్న: నమస్తే అండి. ఇంట్లో మొదటిసారి పండ్లు వేసి మీడ్ (తేనె వైన్) చేశాను. ఒకటిన్నర కిలో తేనె, కిలో ప్లమ్ పండ్లు తీసుకున్నాను. పండ్ల గింజలు తీసి, నీళ్లలో పావుగంట ఉడకబెట్టి, చల్లారాక తేనె కలిపి, మొత్తం 5 లీటర్లు చేసి ఈస్ట్ వేశాను. నెల తర్వాత పిప్పి తీసేసి వేరే జాడీలోకి మార్చాను. ఆ రోజు హైడ్రోమీటర్ (చక్కెర ఎంత మిగిలిందో సాంద్రతను బట్టి చెప్పే పరికరం) 1.004 చూపించింది. మళ్లీ కొలవలేదు. ఇప్పటికి మూడు నెలలైంది. రుచి, వాసన బాగానే ఉన్నాయి. కానీ చూడటానికి కలక నీళ్లలా ఉంది. అడుగున మడ్డి చేరింది గానీ పైన ఏమీ తేరలేదు. నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి చూశాను, తేడా లేదు. ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి మూతలో) ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక బుడగ వస్తోంది. ఒకరు జెలటిన్ వేయమన్నారు, ఒకరు బెంటొనైట్ అన్నారు, ఇంకొకరు పల్చటి గుడ్డలో వడకట్టేయమన్నారు. ఆరు వారాల్లో సీసాల్లో పోసి స్నేహితులకు ఇవ్వాలి. ఇచ్చే ముందు ఇంకాస్త తేనె కలిపి తీపి చేద్దామనుకుంటున్నాను. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక్క ముక్కలో ఉంది. దాన్ని మీరు మామూలుగా రాసేసి ముందుకెళ్లిపోయారు. పండ్లను పావుగంట ఉడకబెట్టారు కదా, అదీ సంగతి.

ప్లమ్ పండులో పెక్టిన్ బాగా ఉంటుంది. జామ్ గడ్డకట్టేది ఈ పదార్థం వల్లే. పచ్చి పండులో చాలావరకు అది కణాల గోడలకు అతుక్కుని ఉంటుంది. ఉడికిస్తే ఊడివచ్చి నీళ్లలో కలుస్తుంది. పైగా ఆ పెక్టిన్‌ను ముక్కలు చేసే ఎంజైములు పండులో సహజంగానే కొన్ని ఉంటాయి. మరిగే వేడికి అవీ పనికిరాకుండా పోతాయి. ఇక మిగిలేది ఈస్ట్. మనం వాడే ఈస్ట్ చక్కెరను తింటుంది గానీ పెక్టిన్ జోలికి పెద్దగా పోదు. అందుకే మీరు ఉడికించిన రోజు నీళ్లలో కలిసిన పెక్టిన్ ఈరోజుకీ దాదాపు అలాగే ఉండి ఉంటుంది.

నా అనుమానం గట్టిగా దాని మీదే. అయినా అనుమానం మీద మందు వేయొద్దని చెప్పడానికే ఈ సమాధానం ఇంత పొడుగవుతోంది. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ ఆ కలక దేనితో తయారైందో అడగకుండానే చెప్పారు. ఈస్ట్ వల్ల వచ్చే కలకకు ఒక విరుగుడు, తేనెలోని ప్రొటీన్ వల్ల వచ్చేదానికి ఇంకొకటి, పెక్టిన్‌కు మరొకటి. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే ఉత్తినే వృథా అవడమే కాదు, కొన్నిసార్లు తర్వాత వేయాల్సిన సరైన మందును కూడా పని చేయనివ్వదు.

ముందుగా ఒక మాట, మీ టెన్షన్ కొంచెం తగ్గడానికి. కలకగా ఉన్నంత మాత్రాన మీడ్ చెడిపోయినట్టు కాదు. రుచి, వాసన బాగున్నాయని మీరే అన్నారు. చెడిపోతే దాని లక్షణాలు వేరే ఉంటాయి: పైన పొరలా తెల్లటి తెట్టు కట్టడం, ముక్కుపుటాలు అదిరేలా వెనిగర్ వాసన రావడం, పోస్తుంటే తీగలు సాగడం. అవేవీ లేవు కాబట్టి ఇప్పుడున్నది కేవలం కంటికి సంబంధించిన సమస్య. తొందరపడి ఏదో ఒకటి వేస్తేనే ఇది రుచి సమస్యగా మారుతుంది.

పెక్టిన్ సంగతికి వెళ్లే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, మీ మీడ్ పులియడం పూర్తయిందా?

నెల రోజులప్పుడు 1.004 అన్నారు. ఒకటిన్నర కిలో తేనె 5 లీటర్లలో కలిస్తే మొదటి రోజు రీడింగ్ సుమారు 1.090 దాకా ఉండి ఉంటుంది. అక్కడి నుంచి 1.004 దాకా దిగిందంటే ఈస్ట్ చాలావరకు పని ముగించింది. కానీ ఆగిందని చెప్పలేం. తేనె వైన్ 1.000 కంటే కిందికి, ఒక్కోసారి 0.995 కంటే కిందికి కూడా దిగుతుంది. ఈ రెండు నెలల్లో అది నెమ్మదిగా ఇంకా దిగుతూనే ఉండొచ్చు. ఈస్ట్ పనిలో ఉన్నంతకాలం కార్బన్ డయాక్సైడ్ పుడుతూ, కిందికి దిగబోయే రేణువులను మళ్లీ పైకి లేపుతుంటుంది. అలాంటి జాడీని తేటపరచాలని చూడటం దండగ. ఇవాళ ఒకసారి కొలవండి, రెండు వారాల తర్వాత మళ్లీ కొలవండి. రెండూ ఒకటే అయితే ఆగినట్టు. ఆ రెండు వారాలూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, కింద చెప్పబోయే పని ఆ లోపలే మొదలుపెట్టొచ్చు. కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త: మీడ్‌లో గ్యాస్ ఉంటే బుడగలు హైడ్రోమీటర్‌కు అంటుకుని దాన్ని పైకి తేలుస్తాయి, రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నమూనాను గ్లాసులో పోసి బాగా తిప్పి, బుడగలు పోయాక కొలవండి.

ఎయిర్‌లాక్‌లో బుడగ వస్తోంది కాబట్టి ఇంకా పులుస్తోందేమో అని మీకు సందేహం ఉన్నట్టుంది. ఆ బుడగను నమ్మకండి. గది కాస్త వెచ్చబడినా, బయట గాలి ఒత్తిడి తగ్గినా, మీడ్‌లో కరిగి ఉన్న గ్యాస్ బయటికి వస్తుంది. పులియడం ఎప్పుడో ఆగిపోయిన జాడీ కూడా వారాల తరబడి అలా గుటుక్కుమంటూనే ఉంటుంది. నమ్మాల్సింది హైడ్రోమీటర్‌నే.

రెండోది ఆ కరిగి ఉన్న గ్యాసే. దాన్ని బయటికి పంపకపోతే ఏ మందు వేసినా అడుగుకు దిగడం కష్టం. చల్లటి ద్రవంలో గ్యాస్ ఇంకా గట్టిగా నిలబడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఈ పని చేయలేరు. జాడీని 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉన్న చోట ఒక రోజు ఉంచి, శుభ్రం చేసి శానిటైజర్‌లో ముంచిన పొడవాటి స్పూన్ కాడతో మెల్లగా తిప్పండి. మొదటి తిప్పు చాలా మెల్లగా ఉండాలి. ఒక్కసారిగా గట్టిగా తిప్పారంటే నురగ పొంగి సగం మీడ్ నేలపాలవుతుంది. అది జరిగాకే ఈ హెచ్చరిక విలువ తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. రోజుకు రెండు మూడుసార్లు, రెండు మూడు రోజుల పాటు, నురగ రావడం తగ్గేదాకా తిప్పండి. చిలకొద్దు, చిమ్మనివ్వొద్దు. గ్యాస్ పోవాలి గానీ గాలి లోపలికి పోకూడదు.

ఇప్పుడు ఆ కలక ఏమిటో కనుక్కునే పరీక్ష. ఇంట్లోనే పది నిమిషాల్లో అయిపోతుంది. ఒక చిన్న గాజు సీసాలో రెండు టీస్పూన్ల మీడ్ తీసుకోండి. దానికి మూడు నాలుగు రెట్లు ఘాటైన స్పిరిట్ పోయండి. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ మెథిలేటెడ్ స్పిరిట్ గానీ సరిపోతుంది. చేతులు తుడుచుకునే శానిటైజర్ జెల్ పనికిరాదు, అందులో చిక్కదనం కోసం కలిపే పదార్థాలే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. మూత పెట్టి కుదిపి, పక్కన పెట్టి చూడండి. పెక్టిన్ ఉంటే కాసేపట్లో జిగురు ఉండలు, పోగులు పోగులుగా జెల్లీలాంటిది కనిపిస్తుంది. కాస్త మసకేస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, పోగులు కట్టాలి. చూశాక ఆ సీసాలోది పారబోయండి. అది విషం. పొరపాటున కూడా దాన్ని జాడీలోకి తిరిగి పోయకూడదు, ఎవరి చేతికీ అందేలా ఉంచకూడదు.

మీ జాడీ చూడకుండానే ఇంకో ఆధారం కూడా చెప్పొచ్చు. ఈస్ట్ వల్ల వచ్చే కలక పైనుంచి తేరుతుంది. జాడీ మెడ దగ్గర వేలెడు మందాన తేట కనిపించి, ఆ గీత రోజురోజుకూ కిందికి జరుగుతుంది. చలికి ఇంకా త్వరగా జరుగుతుంది. మీరు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టినా పైనా కిందా ఒకేలా ఉందన్నారు. గ్యాస్ తీయకుండా పెట్టారు కాబట్టి ఆ పరీక్ష పూర్తిగా నమ్మదగింది కాదు. అయినా ఎక్కడా గీత కనిపించకపోవడం, మొత్తం ఒకే తీరుగా పాలు విరగని మసకలా ఉండటం పెక్టిన్ వైపే వేలు చూపిస్తోంది.

పెక్టిన్ ఎందుకు కిందికి దిగదో తెలిస్తే దాని మందు ఎందుకు పని చేస్తుందో కూడా తెలుస్తుంది. మీడ్‌లో తేలే సన్నటి రేణువుల నడుమ ప్రొటీన్ ఉంటుంది. మీడ్‌కుండే పులుపులో దానికి ధన విద్యుదావేశం ఉంటుంది. దాని చుట్టూ పెక్టిన్ ఒక తొడుగులా అల్లుకుంటుంది. పెక్టిన్‌ది రుణావేశం. అంటే పైకి ప్రతి రేణువూ రుణావేశంతోనే కనిపిస్తుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఎప్పటికీ దగ్గరికి చేరవు. చేరితేనే బరువెక్కి అడుగుకు దిగుతాయి. పెక్టిక్ ఎంజైమ్ ఆ తొడుగును అక్కడక్కడా కొరికేస్తుంది. లోపలి ప్రొటీన్ బయటపడుతుంది. అప్పుడు ఒక రేణువు బయటపడ్డ చోటు, పక్క రేణువు తొడుగు ఒకదానికొకటి అంటుకుని, ముద్దలుగా మారి కిందికి దిగుతాయి. పని చేయడం మొదలెట్టిన జాడీలో ఈ ముద్దలు కంటికి కనిపిస్తాయి. నిన్నటిదాకా నున్నగా ఉన్న మసక ఇవాళ పొట్టుపొట్టుగా విరిగినట్టు ఉంటుంది. అది చూసి పాడైందని గాభరా పడకండి, మీరు ఎదురుచూస్తున్నది అదే.

పరీక్షలో పోగులు కనిపిస్తే మీరు వేయాల్సింది ఈ పెక్టిక్ ఎంజైమే. కొన్ని డబ్బాల మీద పెక్టినేజ్ అని ఉంటుంది. అసలైతే ఇది పండు చితికిన రోజు, ఈస్ట్ కంటే ముందు వేయాల్సింది. ఇప్పుడు ఆల్కహాల్ ఉంది కాబట్టి దాని పని మందగిస్తుంది, అందుకే మోతాదు పెంచాలి. పొడి రకం అయితే మామూలుగా 4 లీటర్లకు అర టీస్పూన్ చొప్పున వేస్తారు. పులిసిన తర్వాత దానికి రెట్టింపు. మీ 5 లీటర్లకు టీస్పూన్ మీద ఇంకో పావు వంతు అనుకోండి. ద్రవ రూపంలో దొరికేవి ఒక్కో కంపెనీ ఒక్కో గాఢతలో చేస్తుంది, వాటికి మాత్రం డబ్బా మీద రాసిందే ప్రమాణం. కొంచెం చల్లటి నీళ్లలో కరిగించి జాడీలో పోసి మెల్లగా కలపండి. వేడి నీళ్లు వాడొద్దు, ఎంజైమ్ కూడా ప్రొటీనే, వేడికి నాశనమవుతుంది.

ఆ తర్వాత జాడీని వెచ్చగా ఉంచాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. తేటపడటానికి చలి మంచిదని విని, ఎంజైమ్ వేసిన వెంటనే ఫ్రిజ్‌లోకి నెడతారు. చలిలో ఎంజైమ్ పని దాదాపు ఆగిపోతుంది. 20 నుంచి 27 డిగ్రీల మధ్య రెండు వారాలు ఉంచండి. మొదటి నాలుగైదు రోజులు రోజుకొకసారి జాడీని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి వదిలేయండి. తర్వాత ముట్టుకోవద్దు. ఈ రెండు వారాల చివర స్పిరిట్ పరీక్ష మళ్లీ చేయండి. పోగులు రాకపోతే పెక్టిన్ విరిగిపోయినట్టు. అప్పుడు జాడీ ఫ్రిజ్‌లోకి వెళ్లొచ్చు, వారం పది రోజులు, 1 నుంచి 4 డిగ్రీల దగ్గర. చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుని ఎయిర్‌లాక్‌లో నీళ్లను జాడీలోకి లాగేస్తుంది. అందుకని అందులో నీళ్ల బదులు వోడ్కా లాంటిది పోసి ఉంచితే లోపలికి పోయినా నష్టం లేదు.

పెక్టిన్ విరిగేటప్పుడు మిథనాల్ పుడుతుందట కదా అని ఎవరైనా మిమ్మల్ని భయపెట్టొచ్చు. కొద్దిగా పుట్టే మాట నిజమే. పండ్లతో చేసిన ఏ వైన్‌లోనైనా అది కొద్దిపాటిగా ఉంటుంది. ఇలా తాగే పానీయంలో అది భయపడాల్సినంత ఉండదు. బట్టీ పెట్టి గాఢత పెంచితే మాత్రం లెక్క మారుతుంది, ఆ పని ఇంట్లో ఎవరూ చేయకూడదు.

ఇక మీ ముగ్గురు సలహాదారుల దగ్గరికొద్దాం.

బెంటొనైట్ మంచి సరుకే, నాకేమీ పేచీ లేదు. అది రుణావేశమున్న మట్టి. ధనావేశమున్న ప్రొటీన్‌ను పట్టుకుని అడుగుకు లాగుతుంది. తేనెలోంచి వచ్చే ప్రొటీన్ కలకకు దాన్ని మించింది లేదు. అయితే పెక్టిన్ తొడుగు ఉన్న రేణువులు కూడా రుణావేశంతోనే ఉంటాయి కాబట్టి ఇప్పుడు వేస్తే అది వాటిని పట్టుకోలేదు. అంతకంటే ముఖ్యం, ఎంజైమ్ ప్రొటీన్ అని ఇందాకే చెప్పాను. బెంటొనైట్ దాన్నీ లాక్కుపోతుంది. ఈ రెండూ కలిపి వేసినా, బెంటొనైట్ వేసిన మర్నాడు ఎంజైమ్ వేసినా మీ డబ్బు, శ్రమ రెండూ మడ్డిలో కలిసిపోతాయి. ఎంజైమ్ పని పూర్తయ్యాకే బెంటొనైట్.

ఎంజైమ్ తర్వాత కూడా కాస్త పల్చటి మసక మిగిలితే అప్పుడు వేయండి. 5 లీటర్లకు 3 నుంచి 5 గ్రాములు చాలు. ముందు 60 డిగ్రీల వేడి నీళ్లు ఒక అరకప్పు తీసుకుని, నీళ్ల మీద పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కట్టి ఎంత కలిపినా విడిపోదు. ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు మళ్లీ కలిపి, జాడీలో పోసి బాగా తిప్పండి. వారంలో దిగుతుంది. దిగిన మడ్డి గట్టిగా ఉండదు, మెత్తగా ఎక్కువ ఎత్తున ఉంటుంది. దాంతో పాటు కొంత మీడ్ పోతుంది, అది ముందే లెక్కేసుకోండి. మోతాదు పెంచితే ఇంకా తేటపడుతుందని ఆశపడొద్దు, రంగు, వాసన కూడా పట్టుకుపోతుంది. ప్లమ్ వాసన అంత గట్టిదేమీ కాదు.

జెలటిన్ గురించి నాకు అంత సదభిప్రాయం లేదు, ఈ మీడ్ విషయంలో. అది ధనావేశంతో ఉంటుంది. ఈస్ట్‌ను, ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే వగరును, అంటే టానిన్‌ను బాగా పట్టుకుంటుంది. ఎర్ర ద్రాక్ష వైన్‌లో అది బ్రహ్మాండంగా పని చేసేది అందుకే. తేనెలో టానిన్ పెద్దగా ఉండదు, మీ ప్లమ్ తొక్కల నుంచి కొద్దిగా వచ్చి ఉంటుంది. పట్టుకోవడానికి తగినంత టానిన్ లేకపోతే జెలటిన్ తానే మిగిలిపోయి కొత్త కలకగా మారుతుంది. అప్పుడు దాన్ని తీయడానికి ఇంకో మందు వెతుక్కోవాలి. పైగా జెలటిన్ జంతువుల నుంచి తీసేది. మీ స్నేహితుల్లో శాకాహారులుంటే వాళ్లకు చెప్పకుండా ఇవ్వడం మర్యాద కాదు. కైటోసాన్ అని ఇంకొకటి దొరుకుతుంది, సాధారణంగా కీసెల్‌సాల్ అనే సిలికా ద్రవంతో జతగా అమ్ముతారు. అది చాలా చురుగ్గా పని చేస్తుంది. కానీ ఎక్కువ రకాలు రొయ్యలు, పీతల పెంకుల నుంచి చేసినవే. శిలీంధ్రాల నుంచి చేసిన రకం కూడా ఉంది, డబ్బా మీద చూసి కొనాలి. ఆ ప్యాకెట్లు మామూలుగా 23 లీటర్లకు సరిపడా ఉంటాయి. మొత్తం మీ జాడీలో కుమ్మరించకండి.

గుడ్డలో వడకట్టడం మాత్రం వద్దే వద్దు. ఈస్ట్ కణం సుమారు 5 మైక్రాన్లు ఉంటుంది. ఎంత దగ్గర నేత గుడ్డ అయినా దాని రంధ్రాలు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి. పెక్టిన్ రేణువులైతే ఇంకా సన్నం. గుడ్డ దేన్నీ ఆపదు. కానీ వడకట్టేటప్పుడు సన్నటి ధారలుగా కారుతూ మీడ్ మొత్తం గాలిని పీల్చుకుంటుంది. కొన్ని వారాల్లో రంగు గోధుమ వైపు తిరిగి, తడిసిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. దానికి మందు లేదు. యంత్రంతో చేసే అసలైన ఫిల్టర్ అయినా పెక్టిన్ ఉన్న ద్రవం పోస్తే నిమిషాల్లో మూసుకుపోతుంది.

మీరు అడగలేదు గానీ ఈ కంగారులో చేస్తారేమోనని చెబుతున్నాను. వారం వారం జాడీలు మార్చొద్దు. మార్చిన ప్రతిసారీ కొంత మీడ్ తగ్గుతుంది, పైన ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. ఎంజైమ్, చలి అన్నీ అయ్యాక ఒక్కసారి మారిస్తే చాలు. సైఫన్ గొట్టం కొసను మడ్డికి రెండు వేళ్ల ఎత్తున పట్టుకుని, రెండో కొసను కింది జాడీ అడుగుకు ఆనించి పెట్టండి, ధార చిమ్మకుండా ఉంటుంది. ఆఖరి గ్లాసు కోసం ఆశపడితే మడ్డి మొత్తం లేచి వస్తుంది. మార్చేటప్పుడు 5 లీటర్లకు అర గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ కరిగించి వేస్తే లీటరుకు 50 మిల్లీగ్రాముల పైచిలుకు సల్ఫర్ డయాక్సైడ్ అందుతుంది. గాలి వల్ల జరిగే నష్టాన్ని అది కొంత ఆపుతుంది. తాగబోయేవాళ్లలో ఆస్తమా ఉన్నవాళ్లు, సల్ఫైట్ పడనివాళ్లు ఉంటే వాళ్లకు ముందే చెప్పండి.

ఒకవేళ స్పిరిట్ పరీక్షలో పోగులు రాకపోతే? అప్పుడు నా అనుమానం తప్పు, ఎంజైమ్ కొనకండి. రెండు చిన్న సీసాల్లో మీడ్ తీసుకుని, ఒకదాన్ని 80 డిగ్రీల వేడి నీళ్లలో రెండు గంటలు ఉంచి, చల్లార్చి, రెండోదాని పక్కన పెట్టి చూడండి. వేడి చేసినది ఇంకా మసకేసి తునకలు కట్టిందంటే ప్రొటీన్, నేరుగా బెంటొనైట్‌కు వెళ్లండి. రెండూ ఒకేలా ఉంటే చాలావరకు ఈస్టే. గ్యాస్ తీసి, ఈసారి రెండు వారాలు చలిలో పెట్టండి, ఏమీ వేయకుండానే తేరుకోవచ్చు. పిండి పదార్థం వల్ల కూడా కలక వస్తుంది, అయోడిన్ చుక్క వేస్తే నీలం నలుపుకు తిరుగుతుంది. కానీ అది పచ్చి ఆపిల్, పండని అరటి లాంటి వాటి బెడద, ప్లమ్‌కు కాదు.

తేనె కలిపి తీపి చేయాలన్న మీ ఆలోచన దగ్గర కొంచెం ఆగాలి. ఇన్ని వారాలు కష్టపడి తేటపరిచిన మీడ్‌లో పచ్చి తేనె కలిపితే దాంతో పాటు కొత్త ప్రొటీన్, పుప్పొడి, ఒక్కోసారి మైనపు ముక్కలు వస్తాయి. మర్నాటికి మళ్లీ మసక. అది తేరడానికి ఇంకో నెల పట్టొచ్చు. అంతకంటే పెద్ద సంగతి, ఆ తేనె ఈస్ట్‌కు కొత్త తిండి. తేటగా కనిపించే మీడ్‌లో కూడా కంటికి కనిపించని ఈస్ట్ మిగిలే ఉంటుంది. సీసాలో మూత బిగించాక అది మళ్లీ పులియడం మొదలెడితే గ్యాస్ పోయే దారి ఉండదు, సీసా పగులుతుంది. గాజు పెంకులు ఎగిరి గాయపడ్డవాళ్లు ఉన్నారు. తీపి చేయాలంటే ముందు మెటాబైసల్ఫైట్, పొటాషియం సార్బేట్ (ఈస్ట్ మళ్లీ పెరగకుండా ఆపేది) రెండూ డబ్బా మీద చెప్పిన మోతాదులో వేసి, ఒకటి రెండు రోజులాగి, తేనె బదులు చక్కెర పాకం కలపండి. పాకం మసకేయదు. కలిపాక రీడింగ్ తీసుకుని, పది రోజులు జాడీలోనే ఉంచి, రీడింగ్ కదలకపోతేనే సీసాల్లో పోయండి. తేనె రుచే కావాలనుకుంటే ఇంకా సులువైన దారి ఉంది. తీపి లేకుండానే సీసాలు నింపి ఇచ్చి, గ్లాసులో పోసుకున్నాక కొద్దిగా తేనె కలుపుకోమని చెప్పండి. నన్నడిగితే ఈసారికి ఇదే మేలు.

ఆరు వారాల్లో అవుతుందా అన్నారు. మొదటి వారం కొలవడం, గ్యాస్ తీయడం, పరీక్ష. రెండు, మూడు వారాలు ఎంజైమ్. నాలుగోది, ఐదో వారంలో సగం చలి. ఆ తర్వాత జాడీ మార్చడం, ఆరో వారం సీసాలు. బెంటొనైట్ అవసరం పడకపోతే, పాకం కలపాలనుకోకపోతే సరిపోతుంది. పడితే ఒక వారం పైనే అవుతుంది. తేటపడిందో లేదో పగటి వెలుతురులో చూసి మోసపోకండి. చీకటి గదిలో జాడీకి ఒక పక్క నుంచి టార్చి వేయండి. లోపల వెలుగు బాటలా కనిపిస్తే రేణువులు ఇంకా ఉన్నట్టు. గడువు వచ్చేసరికి కాస్త మసక మిగిలితే అలాగే ఇచ్చేయండి. రుచిలో తేడా ఉండదు. గడువు కోసం తప్పనిసరిగా పూర్తి కావాల్సింది ఒక్కటే, ఆ రెండు రీడింగులు ఒకటి కావడం. అవి ఒకటి కాకపోతే సీసాలు నింపొద్దు, స్నేహితులకు ఇంకో నెల ఆగమని చెప్పండి.

మళ్లీ చేసేటప్పుడు పండ్లను ఉడకబెట్టకండి. గింజలు తీసి ఒక రెండు రోజులు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, బయట పెట్టి కరగనిస్తే కణాలు పగిలి, ఉడికించినంత మెత్తగా రసం వదులుతాయి. క్రిముల భయం ఉంటే మెటాబైసల్ఫైట్ వేసి ఒక రోజు ఆగండి. ఆ తర్వాత ఎంజైమ్ వేసి పన్నెండు గంటలు ఉంచి, అప్పుడు ఈస్ట్ వేయండి. పండ్లను సన్నటి నైలాన్ సంచిలో కట్టి వేస్తే తీయడం సులువు. తీసేటప్పుడు సంచిని పిండొద్దు, వేలాడదీసి కారనివ్వండి. పిండితే వచ్చే ఆ నాలుగు చెంచాల రసంతో పాటు గుజ్జంతా దిగుతుంది.

ఈసారి జాడీ అడుగున మిగిలే మడ్డి కలిసిన గ్లాసుడు మీడ్‌ను పారబోయకండి. చిన్న సీసాలో పోసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో వారం ఉంచితే పైన సగం తేరుకుంటుంది. అది మీరు తాగండి, తేట సీసాలు స్నేహితులకు వెళ్తాయి.